చిరునామాల సెట్టింగులు చూడనిదే ఒక్క ఉత్తరమూ పంపకండి

విరాళాల మీద నడిచే ప్రతి సంస్థకూ ఇది హెచ్చరిక. మీ దాతల వివరాలు దాచుకున్న సాఫ్ట్‌వేర్‌లో చిరునామాల సెట్టింగులనూ, ఉత్తరాలు పంపే సెట్టింగులనూ బాధ్యత గల మనిషి ఒకరు కూర్చుని ఒక్కొక్కటీ చదివి సరిచూశారా? చూడలేదంటే, చూసేదాకా మూకుమ్మడి ఉత్తరాలు ఆపండి. ఈమెయిళ్లు ఆపండి. లేబుళ్ల ముద్రణ ఆపండి. వారం ఆలస్యమైతే సంస్థకు పెద్దగా పోయేదేమీ లేదు. ఒక్క తప్పుడు టిక్కుతో వందల ఇళ్ల గుట్టు బయటపడితే మాత్రం, ఎన్ని క్షమాపణ లేఖలు రాసినా పోయిన నమ్మకం తిరిగి రాదు.

ఇప్పుడే ఇంత తొందర ఎందుకంటే, మన సంస్థలు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన తీరే అలాంటిది. అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, అన్నదాన ట్రస్టులు, గోశాలలు, పూర్వ విద్యార్థుల సంఘాలు చాలాకాలం రశీదు పుస్తకంతో, లెడ్జరుతో నెట్టుకొచ్చాయి. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి అది కుదరలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ కింద దాతకు మినహాయింపు దక్కాలంటే చేతిలో రశీదు ఉంటే చాలదన్నారు. దాత పేరు, చిరునామా, పాన్ వంటి గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం, ఇచ్చిన పద్ధతి అన్నీ సంస్థే ఏటా మే 31లోగా 10బీడీ ఫారంలో దాఖలు చేయాలి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ నుంచి వచ్చే 10బీఈ ధ్రువపత్రాన్ని దాతకు అందజేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. దాఖలు చేయకుంటే 10 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారినా, దాత వివరాలు తప్పుల్లేకుండా ఉంచుకోవాల్సిన బాధ్యత సంస్థ నెత్తిమీద నుంచి దిగిపోదు.

ఈ ఒత్తిడిలో పాత రిజిస్టర్లలోని పేర్లు, నాలుగైదు ఎక్సెల్ షీట్లు, ఎవరెవరి ఫోన్లలోనో ఉన్న నంబర్లు అన్నీ తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో పోసేశారు. రశీదు వస్తోందా, మొత్తం సరిపోయిందా అన్నంతవరకు చూసుకున్నారు. చిరునామాల పేజీకి తీరిక దొరకలేదు. అక్కడ మనం ఏమీ నిర్ణయించకపోతే, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ముందే పెట్టి ఉంచిన నిర్ణయాలు అమలవుతాయి. ఎవరికి ఉత్తరం వెళ్లాలి, ఏ ఇంటికి వెళ్లాలి, కవరు మీద ఏ పేరు ఉండాలి అన్నవి మన ఊరు, మన ఇంటిపేర్లు, మన దాతల మనసు తెలియని మనుషులు ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలు. వాటి ఫలితానికి జవాబు చెప్పాల్సింది మాత్రం మనం.

‘వద్దు’ అన్న దాత మాట

మొదటి ప్రమాదం ఇక్కడే ఉంది. లాభాపేక్ష లేని సంస్థలు ఉచితంగా వాడుకునే సివిసీఆర్ఎం సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. అందులో ప్రతి దాత పేరు కింద పోస్టు వద్దు, ఈమెయిల్ వద్దు, ఫోన్ వద్దు, ఎస్ఎంఎస్ వద్దు, నా వివరాలు ఇంకెవరికీ ఇవ్వవద్దు, మూకుమ్మడి మెయిళ్లు వద్దు అని విడివిడిగా గడులు ఉంటాయి. ఒకదానికి టిక్ పెడితే మిగతావి వాటంతటవి మారవు. మెయిళ్లు ఆపమని దాత లింకు నొక్కితే మూకుమ్మడి మెయిళ్లు మాత్రమే ఆగుతాయి. పోస్టు వస్తూనే ఉంటుంది. ‘ఇక నాకేమీ పంపకండి’ అని ఫోన్లో చెప్పిన దాతకు ఏయే గడుల్లో టిక్ పెట్టాలో ఆఫీసులో రాసి పెట్టుకోకపోతే, ఒక్కో ఉద్యోగి ఒక్కోలా పెడతాడు.

లేబుళ్లు ముద్రించేటప్పుడు మరో గడి కనిపిస్తుంది: పోస్టు వద్దన్నవారి లేబుళ్లు ముద్రించకు అని. అక్కడి టిక్ తీసేస్తే, దాత ఎన్నిసార్లు వద్దన్నా లేబులు బయటికి వస్తుంది. లేబుళ్లు కాకుండా జాబితాను ఎక్సెల్‌లోకి దింపి ప్రెస్సుకు పంపేవారు ఇంకా జాగ్రత్తపడాలి. పోస్టు కోసమని ప్రత్యేకంగా ఉన్న ఎక్స్‌పోర్టు వేరు, మామూలు ఎక్స్‌పోర్టు వేరు. మొదటిది పోస్టు వద్దన్నవారినీ, వీధి చిరునామా లేనివారినీ, మరణించినవారినీ పక్కన పెడుతుంది. రెండోది అడిగిన పేర్లన్నీ ఇచ్చేస్తుంది. చూడ్డానికి రెండు ఫైళ్లూ ఒకేలా ఉంటాయి.

మరణించినవారి సంగతి మరీ సున్నితం. పెద్దాయన పోయారని కొడుకు ఫోన్ చేసి చెబుతాడు. గుమాస్తా ‘అయ్యో’ అని నోట్సు గడిలో ఒక వాక్యం రాసి ఊరుకుంటాడు. నోట్సు గడిని సాఫ్ట్‌వేర్ చదవదు. మరణించారని తెలిపే గడి విడిగా ఉంది, అక్కడ టిక్ పెట్టాలి. పెట్టకపోతే సంవత్సరీకం జరుగుతున్న ఇంటికి ఆయన పేరు మీదే ‘మీ ఆయురారోగ్యాలు కోరుతూ’ అని ఉత్తరం వెళుతుంది. దంపతుల పేరు మీద ఉమ్మడిగా నమోదైన చిరునామాల్లో భర్త పోయాక కూడా ‘శ్రీ అండ్ శ్రీమతి’ అని కవరు వెళితే, దాన్ని చేతిలోకి తీసుకునే ఆ తల్లికి ఏం జవాబు చెబుతాం?

అన్నదానానికి దాతలు ఇచ్చే తేదీలతోనూ ఇదే చిక్కు. వాటిలో పుట్టినరోజులు ఉంటాయి, పెళ్లిరోజులు ఉంటాయి, వర్ధంతులు ఉంటాయి. అన్నిటినీ ‘ప్రత్యేక దినం’ అనే ఒకే గడిలో నింపి, ఆ తేదీన శుభాకాంక్షలు వాటంతటవే వెళ్లేలా పెడితే, తండ్రి వర్ధంతికి అన్నదానం చేయించిన కూతురికి పొద్దున్నే శుభాకాంక్షల మెసేజీ వెళుతుంది. అలాగే ‘ఫలానావారి జ్ఞాపకార్థం’ అని వచ్చిన విరాళంలో దాత ఎవరు, స్మరించుకున్నది ఎవరిని అన్న తేడా చూడకపోతే, పోయినవారి పేరు మీదే రశీదు తయారవుతుంది. ఆ రశీదు మినహాయింపుకూ పనికిరాదు, మనసుకూ ఊరట ఇవ్వదు.

వద్దన్నా పంపడం ఎంతదూరం పోగలదో బ్రిటన్ చూసింది. బ్రిస్టల్ నగరంలో దశాబ్దాలపాటు సేవాసంస్థల కోసం చందాలు పోగుచేసిన 92 ఏళ్ల వృద్ధురాలు 2015లో మరణించారు. ఆమె మరణానికి సేవాసంస్థల ఉత్తరాలు కారణం కాదని కుటుంబం స్పష్టంగా చెప్పింది. అయినా ఆ తరువాత జరిగిన విచారణలో బయటపడిన లెక్కలు దేశాన్ని కదిలించాయి. 99 సేవాసంస్థల జాబితాల్లో ఆమె పేరుంది. ఒక్క ఏడాదిలో ఆమెకు 466 ఉత్తరాలు వెళ్లి ఉంటాయని తేలింది. చాలా సంస్థలకు ఆమె చిరునామా ఇతరుల ద్వారా చేరింది. ఫలితంగా అక్కడ విరాళాల సేకరణకు కొత్త నియంత్రణ సంస్థ వచ్చింది. ‘ఈ సంస్థ నుంచి నాకు ఉత్తరాలు వద్దు’ అని దాత ఒకేచోట చెప్పుకునే ఏర్పాటు 2017లో మొదలైంది. ఆ 99 సంస్థల్లో ప్రతి ఒక్కటీ ‘మేం పంపేది నాలుగైదు ఉత్తరాలేగా’ అనుకునే ఉంటుంది. ‘నా వివరాలు ఇంకెవరికీ ఇవ్వవద్దు’ అనే గడి ఎంత విలువైనదో అక్కడ తెలిసింది. మన దగ్గర ఆ గడిని ఖాళీగా వదిలేసి, పక్క ఊరి సంస్థ అడగ్గానే దాతల జాబితా ఇచ్చేయడం మంచితనమనిపించుకోదు, ద్రోహం అవుతుంది.

ఏ ఇంటికి, ఎవరి పేరున?

ఒక్కో దాతకు రెండు మూడు చిరునామాలు ఉంటాయి: ఇల్లు, ఆఫీసు, కార్డు బిల్లు వెళ్లే చిరునామా. వీటిలో ఒకటి ముఖ్య చిరునామాగా ఉంటుంది. ఉత్తరాలు మామూలుగా దానికే వెళతాయి. ఆన్‌లైన్‌లో కార్డుతో విరాళం ఇచ్చినప్పుడు నమోదయ్యే బిల్లు చిరునామా, దాత ఉత్తరాలు కోరుకునే చిరునామా ఒకటే కానక్కరలేదు. తండ్రి విరాళానికి బెంగళూరులో ఉన్న కొడుకు కార్డు వాడి ఉండవచ్చు. ఆఫీసు చిరునామా ఇచ్చిన దాత ఇంటికి ఏమీ రాకూడదనే ఆ చిరునామా ఇచ్చి ఉండవచ్చు. ఏ చిరునామా దేనికోసమో దాతను అడగాలి. అడిగింది నమోదు చేయాలి. సాఫ్ట్‌వేర్ ఊహకు వదిలేయకూడదు.

విరాళం సంగతి దాత ఇంట్లో చెప్పలేదంటే దానికో కారణం ఉండే ఉంటుంది. ఆలయ మెట్ల మీద పేరు చెక్కించుకునే దాతలున్న నేల మీదే గుప్తదానం చేసేవారూ ఉన్నారు. హెచ్ఐవీ బాధితుల ఆశ్రమానికి, మద్యం మాన్పించే కేంద్రానికి, హింస నుంచి పారిపోయి వచ్చిన స్త్రీలకు నీడనిచ్చే సంస్థకు సాయం చేసేవారిలో, ఆ బాధ స్వయంగా పడ్డవారూ ఉంటారు. అలాంటి సంస్థ పేరు పెద్ద అక్షరాలతో ముద్రించిన కవరు అత్తగారి చేతికో, ఇంటి యజమాని చేతికో చిక్కితే ఆ దాత బతుకులో ఏం జరుగుతుందో ఆఫీసులో కూర్చున్న మనకు తెలియదు.

ఒకే చిరునామాలో ఉన్నవారందరికీ కలిపి ఒకే లేబులు ముద్రించే సౌకర్యం కూడా ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. పోస్టు ఖర్చు తగ్గుతుంది, నిజమే. ఒకే కప్పు కింద ఉండే అన్నదమ్ములు, అత్తాకోడళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఇచ్చిన విరాళాలు ఆ ఒక్క లేబులుతో బయటపడతాయి. అపార్టుమెంటు పేరు వరకే రాసి ఫ్లాటు నంబరు రాయకపోతే, ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలు ఒకే కుటుంబమైపోతాయి. కాబట్టి ఆహ్వానపత్రికలకు తప్ప, మొత్తం కనిపించే రశీదులకూ ధ్రువపత్రాలకూ ఈ కలిపే పద్ధతి వాడకూడదు.

కవరు కిటికీ కూడా ప్రాణం మీదికి తేగలదు. 2017 జులైలో అమెరికాలో ఎట్నా అనే ఆరోగ్య బీమా కంపెనీ దాదాపు 12 వేల మందికి ఉత్తరాలు పంపింది. కవరుకు ఉన్న పారదర్శక కిటికీలోంచి చిరునామాతో పాటు హెచ్ఐవీ మందుల ప్రస్తావనా కొందరి కవర్ల మీద కనిపించింది. ఇరుగుపొరుగు చూశారు, ఇంట్లోవాళ్లు చూశారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ కోటీ 70 లక్షల డాలర్లకు పైగా చెల్లించి కేసు పరిష్కరించుకుంది. లేబులు నమూనాలో చిరునామా పక్కన విరాళం దేనికో తెలిపే గడి పెట్టుకున్న సంస్థలు ఇవాళే దాన్ని తీసేయాలి. పోస్టుమ్యాన్‌కు కావాల్సింది పేరు, చిరునామా, పిన్‌కోడు. అంతకు మించి ఒక్క అక్షరమూ కవరు పైన ఉండనక్కరలేదు.

పేర్ల దగ్గర మన తెలుగువారికి ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇంటిపేరు ముందు, పేరు తరువాత రాసుకుంటాం. సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు చూపిస్తుంది. ఒకరు ఇంటిపేరును మొదటి గడిలో నింపుతారు, ఇంకొకరు పొడి అక్షరాన్ని నింపుతారు. ‘ప్రియమైన కె గారికి’ అని ఉత్తరం వెళుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకే దాత రెండు మూడు పేర్లతో నమోదైపోతాడు. ఒక పేరు కింద ‘పంపవద్దు’ అని ఉంటుంది, రెండో పేరు కింద ఉండదు. ఉత్తరం వెళుతూనే ఉంటుంది. పేర్లు నమోదు చేసే పద్ధతి ఒకటి నిర్ణయించి గోడకు అంటించండి. పాన్ కార్డులో ఉన్న పేరును దాఖలుకు ఒక గడిలో, దాత ఇష్టపడే పిలుపును ఉత్తరాలకు మరో గడిలో పెట్టండి.

కొందరు పెద్దవాళ్లు ఏటా కొన్ని నెలలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల దగ్గర ఉంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ చిరునామా అని పెట్టుకోవచ్చు. వాడుకోండి. తాళం వేసిన ఇంటి గుమ్మంలో కవర్లు పేరుకుపోతే, ఇంట్లో ఎవరూ లేరని దొంగకు చెప్పినట్టే.

ఎక్సెల్ చేసే నిశ్శబ్ద నష్టం

సాఫ్ట్‌వేర్‌లోంచి జాబితాను సీఎస్వీ ఫైలుగా దింపి ఎక్సెల్‌లో తెరవడం చాలా ఆఫీసుల్లో రోజువారీ పని. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి నంబర్లు గీతలతో ఉంటాయి. 3-6-12 అన్న ఇంటి నంబరును ఎక్సెల్ తేదీ అనుకుంటుంది. కన్ను మూసి తెరిచేలోగా అది 2012లో ఏదో ఒక రోజుగా మారిపోతుంది. ఆ ఫైలును భద్రపరచి తిరిగి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అసలు ఇంటి నంబరు శాశ్వతంగా పోతుంది. న్యూజెర్సీ రాష్ట్రపు జిప్‌కోడ్లు సున్నాతో మొదలవుతాయి. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఎడిసన్‌లో 08820 అన్న కోడు ఎక్సెల్‌లో 8820 అయి కూర్చుంటుంది. ఫైలును నేరుగా తెరవకుండా, డేటా దిగుమతి మార్గంలో తెచ్చి, చిరునామా, పిన్, జిప్, ఫోన్ గడులను అక్షరాలుగా గుర్తించమని ముందే చెప్పాలి. తెలుగులో ఉన్న చిరునామాలైతే యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే గజిబిజి గుర్తులవుతాయి. లేబులు ఫాంటు సరిగా లేకపోతే ఒత్తులు ఊడిపోతాయి. ఒక్క పేజీ మచ్చు ముద్రించి, కళ్లతో చదివాకే మిగతావి ముద్రించండి.

జిల్లాల గడి ఇంకో ఉచ్చు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న అక్కడి 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత జాబితాల్లో ఇంకా పాత జిల్లాలే ఉన్నాయి. వాటిని ఒక్కసారిగా మార్చేద్దామని పిన్‌కోడు మొదటి అంకెలను బట్టి రాష్ట్రం నిర్ణయించే సూత్రం రాయకండి. 50తో మొదలైతే తెలంగాణ అనుకుంటే, ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు వంటి ఊళ్లు తప్పు రాష్ట్రంలో పడతాయి. వాటి పిన్‌కోడ్లు ఇప్పటికీ 507తోనే మొదలవుతాయి. ఉత్తరాన్ని దారి పట్టించేది ఆరంకెల పిన్‌కోడు. 1972 ఆగస్టు 15 నుంచి అదే మన తపాలాకు ఆధారం. పిన్ తప్పనిసరి గడిగా పెట్టండి. జిల్లా పేరు మార్చాల్సివస్తే ఊరు చూసి మార్చండి.

ఈమెయిల్, వాట్సాప్

చిరునామా అంటే వీధి, ఇంటి నంబరు మాత్రమే కాదు. 2020లో హెచ్ఐవీ స్కాట్లాండ్ అనే సేవాసంస్థ 105 మందికి ఒక ఈమెయిల్ పంపింది. అందరి చిరునామాలూ అందరికీ కనిపించాయి. వాటిలో 65 చిరునామాల్లో మనుషుల పేర్లే ఉన్నాయి. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ సంస్థకు 10 వేల పౌండ్ల జరిమానా విధించింది. విషాదం ఏమిటంటే, మూకుమ్మడి మెయిళ్లు విడివిడిగా పంపే సాధనాన్ని ఆ సంస్థ అప్పటికే కొనుక్కుంది. జాబితాలన్నీ అందులోకి మార్చడం మాత్రం పూర్తిచేయలేదు. మన సంస్థల్లోనూ మంచి సాఫ్ట్‌వేర్ ఉండగానే ఎవరో ఒకరు తొందరలో సొంత మెయిల్ తెరిచి, యాభై చిరునామాలు ఒకేచోట అతికించి పంపేస్తారు. దాతలందర్నీ అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చడమూ ఇదే తప్పు. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరికి ఇవ్వడానికి మనమెవరం?

10బీఈ ధ్రువపత్రం మీద దాత పేరు, చిరునామా, పాన్, ఇచ్చిన మొత్తం ఉంటాయి. ఒకే ఈమెయిల్ చిరునామా నలుగురైదుగురు దాతల పేర్ల కింద ఉండటం మామూలే. అది ఏ ఆడిటరుదో, మేనల్లుడిదో, ఒకప్పుడు పనిచేసిన ఆఫీసుదో అయి ఉంటుంది. ధ్రువపత్రాలు పంపే ముందు ఒకటికి మించి పేర్ల కింద ఉన్న ఈమెయిళ్ల జాబితా తీసి, ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. వెనక్కి తిరిగొచ్చిన మెయిళ్లకు మళ్లీమళ్లీ పంపకుండా సాఫ్ట్‌వేర్ నిలిపివేసేలా పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవారికి నిబంధనలు బిగించాయి. పంపినవారెవరో సాంకేతికంగా రుజువు కావాలి, ఒక్క నొక్కుతో మెయిళ్లు ఆపుకునే వీలు దాతకు ఉండాలి. ఇవి లేకపోతే మీ రశీదులు కూడా చెత్తబుట్టలోకే చేరే ప్రమాదం ఉంది.

దేశం గడి పౌరసత్వం చెప్పదు

ప్రవాసుల నుంచి విరాళాలు తీసుకునే సంస్థలు ఈ ఒక్క పొరపాటుతో చట్టం కోరల్లో చిక్కుకోగలవు. చిరునామాలో దేశం అమెరికా అని ఉంటే విదేశీ విరాళం, ఇండియా అని ఉంటే స్వదేశీ విరాళం అని కొందరు సాఫ్ట్‌వేర్‌లో సూత్రం పెట్టుకుంటారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చూసేది నివాసాన్ని కాదు, పౌరసత్వాన్ని. డల్లాస్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో ఇచ్చింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు హైదరాబాద్‌లో ఉంటూ ఇచ్చినా అది విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి రిజిస్ట్రేషనో అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. పౌరసత్వానికి విడిగా ఒక గడి పెట్టండి, ప్రతి దాతనూ అడిగి నింపండి. చిరునామా చూసి ఊహించకండి.

జాబితా ఎవరి చేతుల్లో ఉంది?

దాత చిరునామా సంస్థ ఆస్తి కాదు. ఒడిలో పెట్టి దాచమని ఇచ్చిన పరాయివారి నగ అది. ఎంతకాలం దాచాలి, ఎవరు తాకాలి అన్నది మనం తేల్చుకోవాలి. 2020లో బ్లాక్‌బాడ్ అనే అమెరికా కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. ప్రపంచంలో వేలాది విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, సేవాసంస్థలు తమ దాతల వివరాలను ఆ కంపెనీ దగ్గరే ఉంచాయి. ఫిబ్రవరిలో చొరబడిన దుండగులను మే నెల దాకా కంపెనీ గుర్తించలేదు. 13 వేలకు పైగా సంస్థలు ప్రభావితమయ్యాయి. కంపెనీ వదిలించుకోకుండా ఏళ్ల తరబడి దాచిన పాత ఖాతాదారుల సమాచారం కూడా పోయింది. 2023లో అమెరికా రాష్ట్రాలతో ఆ కంపెనీ 4 కోట్ల 95 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అవసరం లేని సమాచారాన్ని తుడిచేయాలని 2024లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టినప్పుడు, ‘అంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారు’ అని మనం నిశ్చింతగా ఉండగలమా?

మన దేశంలోనూ చట్టం వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు పాటించాల్సిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలు దాతకు ఉండాలి. పని తీరాక సమాచారాన్ని తుడిచేయాలి. భద్రత కల్పించడంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సేవాసంస్థ అన్న ఒక్క కారణంతో ఈ చట్టం ఎవరినీ వదిలిపెట్టదు. గడువు ఉందని కూర్చుంటే, పాత జాబితాలు శుభ్రం చేసే పనికే ఆ గడువు చాలదు.

ఈ వారమే చేయాల్సిన పని

సాఫ్ట్‌వేర్ తెరిచి ముందుగా మొత్తం సమాచారానికి బ్యాకప్ తీసుకోండి. ఆ బ్యాకప్‌కు తాళం ఉండాలి, అది ఎవరి వ్యక్తిగత పెన్‌డ్రైవులోనూ ఉండకూడదు.

తరువాత మీ ఆఫీసు వారి పేర్లతోనే అయిదారు నకిలీ దాతలను నమోదు చేయండి. ఒకరికి పోస్టు వద్దని, ఒకరికి ఈమెయిల్ వద్దని, ఒకరు మరణించారని, ఒకరికి రెండు చిరునామాలున్నాయని, ఇద్దరు ఒకే ఇంట్లో ఉన్నారని పెట్టండి. లేబుళ్లు, ఉత్తరాలు, ఈమెయిళ్లు, ఎక్స్‌పోర్టు అన్నీ ఈ అయిదారుగురికే తీసి చూడండి. రాకూడని పేరు ఒక్కటి వచ్చినా, ఎక్కడ తప్పిందో కనిపెట్టేదాకా అసలు జాబితా జోలికి వెళ్లకండి. పరీక్ష ముగిశాక ఈ పేర్లను తీసేయడం మరవకండి.

మూడోది, పేర్ల నకళ్లను వెతికి కలపండి. కలిపేటప్పుడు రెండింటిలో ఏ ఒక్కదాని కింద ‘వద్దు’ అని ఉన్నా, కలిపిన పేరు కింద కూడా ‘వద్దు’ అనే ఉండాలి. అనుమానం వస్తే పంపకపోవడమే ధర్మం.

నాలుగోది, ఎవరెవరికి లాగిన్ ఉందో చూడండి. మానేసిన ఉద్యోగుల, వెళ్లిపోయిన వాలంటీర్ల లాగిన్లు ఇవాళే రద్దు చేయండి. జాబితాను మొత్తంగా దింపుకునే అధికారం ఒకరిద్దరికి మించి ఉండకూడదు. ప్రెస్సుకు, కొరియర్‌కు ఇచ్చే ఫైల్లో పేరు, చిరునామా తప్ప పాన్, ఫోన్, మొత్తం ఉండకూడదు. పని అయ్యాక ఆ ఫైలు తుడిచేశామని వారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

చివరిది, ఈ సెట్టింగులను ఎవరు మార్చవచ్చు, మార్చితే ఎక్కడ రాయాలి అన్నది నిర్ణయించండి. ఒక పుస్తకంలో తేదీ వేసి, పాత సెట్టింగు ఏమిటి, కొత్తది ఏమిటి, ఎందుకు అని రాసి సంతకం పెట్టే అలవాటు చాలు.

‘మాది చిన్న సంస్థ, రెండొందల మంది దాతలే’ అనేవారికి ఒక మాట. చిన్న ఊళ్లో రెండొందల మందీ ఒకరికొకరు తెలిసినవారే. అక్కడ ఒక గుట్టు బయటపడితే దాక్కోవడానికి చోటుండదు. పెద్ద సంస్థల కంటే మీకే జాగ్రత్త ఎక్కువ కావాలి.

దాతలకూ ఒక విన్నపం. విరాళం ఇచ్చేటప్పుడు అడగండి: నా చిరునామా దేనికి వాడతారు, ఇంకెవరికైనా ఇస్తారా, ఉత్తరాలు వద్దంటే ఎవరికి చెప్పాలి? జవాబు చెప్పలేని సంస్థకు మీ పాన్ నంబరు ఇచ్చే ముందు ఆలోచించండి. ఇల్లు మారితే, ఇంట్లో ఎవరైనా పోతే సంస్థకు తెలియజేయండి. సరిచేశామన్న సమాధానం వచ్చేదాకా వదలకండి.

ధర్మకర్తల మండళ్లు ఈ విషయాన్ని గుమాస్తాల పని అని తోసేయకూడదు. వచ్చే సమావేశం అజెండాలో దీన్ని మొదటి అంశంగా చేర్చండి. చిరునామాల బాధ్యత ఫలానావారిదని పేరు పెట్టి తీర్మానం చేయండి. ఆ మనిషి ‘పరీక్షించాను, సరిగ్గా ఉంది’ అని సంతకం చేసేదాకా మూకుమ్మడి ఉత్తరాలకు అనుమతి ఇవ్వకండి. దాత మన చేతికి డబ్బిచ్చినప్పుడు లెక్క చెబుతామని మాట ఇచ్చాం. ఇంటి చిరునామా ఇచ్చినప్పుడు కూడా అంతే గట్టి మాట ఇచ్చినట్టే. డబ్బుకు ఏటా ఆడిట్ చేయిస్తున్నాం. చిరునామాలకు ఆ ఆడిట్ ఈ వారమే మొదలుపెట్టండి.